నామాల పులికి ఎడమ పక్క

పోయిన వారం చదివి మీలో చాలామంది హిమబిందు మీద కోపం తెచ్చుకుని ఉంటారు. తెచ్చుకోవలసిందే, రాసిన నాకే వచ్చింది. నంద్యాల మీటింగులో, పదిమంది అధికారుల ముందర, ముప్పై ఒక్క ఏళ్లు నల్లమలలో కాళ్లరిగేలా తిరిగిన వాచర్ మాధవయ్యను పట్టుకుని, "ఆ పులంటే నీకు మమకారం, అందుకే అట్లంటాండావ్" అనేసింది. ఆయన టోపీ తీసుకుని లేచి వెళ్లిపోయాడు.

జరిగింది మరచిపోయినవాళ్ల కోసం రెండు మాటలు. ఆళ్లగడ్డ దగ్గర, అడవి అంచునున్న నారాయణ పొలంలో పులి రెండు ఎద్దుల్ని చంపింది. అడ్డం పోయిన అతని తమ్ముడు వెంకటేష్ భుజం చీల్చింది. పులిని పట్టుకుపొమ్మని ఊరు ఊరంతా రోడ్డు మీద కూర్చుంది. చచ్చిన ఎద్దు దగ్గర, అడవి శాఖలో పులుల లెక్క చూసే హిమబిందు కెమెరా కట్టింది. పులి మళ్లీ వచ్చి తినేటప్పుడు దాని ఎడమ పక్క ఫోటోలో పడింది. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఆమె ఆ చారల్ని తన దగ్గరున్న ఫైళ్లతో పోల్చి, ఇది నలభై ఒకటో నంబరు ఆడపులి అని తేల్చింది. కుడి తొడ మీద మూడు నామాల్లా చారలుండే ఆ పులిని అడవి సిబ్బంది నామాలమ్మ అని పిలుస్తారు. ఈ అమ్మాయి ఇచ్చిన నివేదిక మీదే కమిటీ బోను పెట్టమంది. పట్టుకున్నాక జూకు పంపమంది. జూకు పోయిన పులి మళ్లీ అడవి మొహం చూడదు. ఆ రోజు "ఆ యమ్మ కాదు సార్, అడుగు చూస్తే మగదాని మాదిరి ఉండాది" అన్నది మాధవయ్య ఒక్కడే. రాతి నేల మీద సగం పడిన అడుగును ఎవరు నమ్ముతారు? బోను గురువారం సాయంత్రం పెట్టారు.

ఇప్పుడు శుక్రవారం ఉదయం, మార్చి ఇరవై ఏడు.

నంద్యాల చౌక్ దగ్గర హిమబిందు వాళ్ల నాయన గురుప్రసాద్ కిరాణా అంగడి తెరుస్తున్నాడు. పైన ఇంట్లో ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగా ఫోన్ మోగింది. నాగజ్యోతి.

ఈ నాగజ్యోతి గురించి రెండు మాటలు చెప్పకపోతే నా మనసు ఒప్పదు. కృష్ణకు అవతల, తెలంగాణలో, మన్ననూరు వైపు అడవిలో బీట్ ఆఫీసరు. ఏటికి ఇటు నల్లమలే, అటూ నల్లమలే. రాష్ట్రాలు రెండయ్యాయి గానీ ఆ సంగతి పులులకు ఎవరూ చెప్పలేదు. వాటికి ఈత వచ్చు, ఏరు దాటడం వాటికొక లెక్క కాదు. నీళ్ల దగ్గర మనం ఎన్ని కొట్లాటలైనా పెట్టుకుందాం, ఈ ఆడపిల్లలిద్దరూ మాత్రం ఆరేళ్లుగా తమ కెమెరాల్లో పడిన ప్రతి ఫోటోనూ ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఒకరినొకరు కళ్లారా చూసుకున్నది మూడుసార్లు. వాళ్ల పని వార్తల్లో రాదు, వాళ్లకు దండలు వేసేవాళ్లూ లేరు. ఏటికి అటో పులి, ఇటో పులి అని ఒక్కదాన్నే రెండుసార్లు లెక్కపెట్టకుండా, అటు మాయమైన పులి చచ్చిందో ఇటు వచ్చిందో తెలియకుండా పోకుండా కాపాడుతున్నది ఈ ఇద్దరే. నాకు వాళ్లంటే గౌరవం, అది దాచుకోను.

ఎద్దు దగ్గర పడిన ఫోటోను హిమబిందు పది రోజుల కిందటే నాగజ్యోతికి పంపింది. కానీ ఆమె ఎండాకాలపు మంటల డ్యూటీలో, సిగ్నల్ లేని చోట ఉండిపోయింది. ఆ ఉదయమే రోడ్డెక్కి ఫోన్ చూసుకుంది.

"అక్కా, గీ పులి మాది" అంది. "జూస్తనే గుర్తువట్టిన. ఆర్నెల్ల సంది దేవులాడుతున్న దీనికోసం. ఎవలన్న చంపిండ్రేమో అనుకొని ఏడ్సిన గూడ."

మీ పులి ఎట్లయితుంది, అది మా నలభై ఒకటో నంబరు ఆడపులి గదా అని హిమబిందు అడిగింది. నాగజ్యోతి గొంతులో నవ్వు వినిపించింది.

"మీ దగ్గర గిది ఆడపులి ఎట్లయిందక్కా? గిది మగది. మా పోరడు."

వెంటనే రెండు ఫోటోలు వచ్చాయి. పోయిన సెప్టెంబరులో, అవతలి అడవిలో, ఎదురెదురుగా కట్టిన రెండు కెమెరాల్లో ఒకే సెకనులో పడిన ఒకే పులి. ఎడమ పక్క చూస్తే సందేహం లేదు. తొడ దగ్గర కొడవలిలా వంగిన చార, నారాయణ ఎద్దును తిన్న పులికి ఉన్నదే. కుడి పక్క చూసింది. నామాలు లేవు.

హిమబిందు కాఫీ గ్లాసు కిటికీలో పెట్టేసి, కంప్యూటరు తెరిచి, నలభై ఒకటో నంబరు ఫైలు తీసింది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, కథంతా ఈ ఫైలులోనే ఉంది. మొన్న మొన్నటి దాకా ఇటువైపు కెమెరాలు తక్కువ. దారికి ఒకటే కట్టేవాళ్లు. నామాలమ్మ ఎప్పుడూ గుట్ట దిగి నీళ్లకు పోయేది కాబట్టి ఎప్పుడూ కుడి పక్కే పడేది. దాని ఎడమ పక్క ఎట్లా ఉంటుందో ఎవరూ చూడలేదు. పోయిన నవంబరులో పన్నెండో నంబరు దారిలో రెండో కెమెరా ఎదురుగా కట్టారు. నవంబరు ఇరవై ఎనిమిది సాయంత్రం, కుడి కెమెరాలో అయిదు నలభై ఎనిమిదికి నామాల పక్క పడింది. ఎడమ కెమెరాలో అయిదు యాభై రెండుకు కొడవలి పక్క పడింది. ఒకే దారి, ఒకే దిక్కు, ఒకే సాయంత్రం. నడుమ నాలుగు నిమిషాల తేడా ఉంది. అడవిలో ఎండకూ వానకూ కెమెరాల గడియారాలు ముందుకో వెనక్కో జరగడం మామూలే. హిమబిందు రెండు ఫోటోలనూ జతచేసి, పక్కన 'గడియారాల తేడా' అని రాసి, ఫైలు మూసేసింది. నామాలమ్మకు ఎడమ పక్క దొరికిందని ఆ రోజు ఇంట్లో మిఠాయి కూడా పంచింది.

గడియారాల్లో తేడా ఉంటే అది ఒకే పులి. తేడా లేకపోతే రెండు పులులు. ఒక పులి ఒంటికి ఇంకో పులి చర్మం కుట్టేసింది తను. ఆ కుట్టిన చర్మాన్ని చూసే కమిటీ నామాలమ్మకు బోను రాసింది.

కింద అంగట్లో వాళ్ల నాయన ఎవరికో శనగపప్పు తూస్తున్నాడు. రెండుసార్లు తూచకుండా పొట్లం కట్టకూడదన్నది ఆయన అలవాటు. తరాజు పోయి కరెంటు కాటా వచ్చినా ఆయన ఇప్పటికీ పొట్లం ఎత్తి మళ్లీ పెడతాడు. చిన్నప్పుడు ఆ చాదస్తాన్ని చూసి నవ్వేది. ఆ ఉదయం ఆమెకు ఏడుపొచ్చింది.

అధికారి శ్యాంసుందర్‌కు ఫోన్ చేసింది. ఆయన మంచివాడే, కాకపోతే కాగితం మనిషి. అంతా విని, అవతలివాళ్ల ఫోటోలు మన ఫోటోలతో కలవకపోతే తప్పు మనదే అని ఎట్లా అనుకుంటాం, వాళ్లదీ కావచ్చు గదా అన్నాడు. పన్నెండో దారిలో ఆ సాయంత్రం గడియారాలు సరిగ్గా ఉన్నాయని రుజువు తెమ్మన్నాడు. మాటల మధ్యలో ఇంకో సంగతి కూడా చెప్పాడు. జూ లారీ పొద్దున్నే బయల్దేరి నంద్యాల వస్తోంది, పులి పడినా పడకపోయినా ఆళ్లగడ్డలో సిద్ధంగా ఉంటుంది.

నాలుగు నెలల కిందటి సాయంత్రానికి రుజువు ఎక్కడ దొరుకుతుంది? ఆ కెమెరాలకు బ్యాటరీలు మార్చేది ఒకే ఒక్కడు. ఆయనతోనే ఆమె పోయిన వారం ఆ మాట అన్నది. హిమబిందు స్కూటీ తాళం తీసుకుని, మళ్లీ దాన్నక్కడే పెట్టేసి, ఆఫీసు జీపు తీసింది.

శిరివెళ్ల దాటేదాకా ఆమెకు ఏం మాట్లాడాలో తోచలేదు. ఆళ్లగడ్డ వచ్చాక కూడా తోచలేదు. అక్కడినుంచి అహోబిలం దారి పట్టి, పసుపు తవ్వేసిన చేల పక్కగా మట్టి బాట దిగి నారాయణ పొలం చేరేసరికి తొమ్మిది దాటింది. మోటారు షెడ్డు ముందు మంచం మీద నారాయణ కూర్చున్నాడు. యాభై ఏళ్ల మనిషి. తాతల నాటి నుంచి ఆ ఇంటివాళ్లది అడవిని ఆనుకున్న సేద్యం. షెడ్డు గోడ నీడలో మాధవయ్య నిలబడి ఉన్నాడు, యూనిఫాం ఇస్త్రీ మడత చెడకుండా. బోను అక్కడికి కిలోమీటరు దూరంలో అడవి లోపలుంది. దాన్ని దూరం నుంచి కనిపెట్టుకుని చెట్టు మీద యోహాను అనే వాచర్ ఉన్నాడు.

మాధవయ్య ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. మిగిలింది నాలుగు రోజులు. అలిగి ఇంట్లో కూర్చుంటే అడిగేవాళ్లు లేరు. తను వద్దన్న బోనుకే తాడు సరిచూసి, తలుపు సరిచూసి, తెల్లవార్లూ కాపలా ఉన్నాడు. అలక వేరు, పని వేరు అనుకునే మనుషులు ఇంకా ఉన్నారు, అదృష్టం కొద్దీ.

హిమబిందు దిగి నమస్కారం పెట్టింది. ఆయన తలూపాడు. ఆమె ఫోన్‌లో నాగజ్యోతి పంపిన ఫోటోలు చూపించి, పన్నెండో దారి సంగతి చెప్పి, ఆ రోజుల్లో గడియారాలు ఏమైనా జరిగాయా అని అడిగింది.

"జరగలేదు" అన్నాడు మాధవయ్య.

"అంత గట్టిగా ఎట్ల చెప్తాండావన్నా?"

ఆయన ఆమెను వింతగా చూశాడు. ఎడమచేతి చొక్కా పైకి జరిపి మణికట్టు ముందుకు చాపాడు. పాత కీ గడియారం, సెకన్ల ముల్లు తిరుగుతోంది.

"బ్యాటరీ మార్చినప్పుడల్లా కెమెరాకు ఇది చూపిస్తా గదమ్మా. రెండుంటే ముందు ఆ పక్కదానికి, ఆ ఎనక ఈ పక్కదానికి. టక్కుమని పటం పడతాది. నా గడియారంలో టైమూ, పటం కింద అచ్చయ్యే టైమూ ఒకటే ఉంటే కెమెరా సరిగ్గా ఉన్నట్టు. పదకొండేండ్లుగా చేస్తాండా. ఆ పటాలు నువ్వు చూల్లేదా?"

హిమబిందు చూసింది. నూరుసార్లు చూసింది.

అడవిలోంచి కెమెరాల మెమరీ కార్డులు రాగానే ఆమె గదిలో జరిగే మొదటి పని మనుషుల ఫోటోలు తీసేయడం. కట్టెలకు పోయేవాళ్లు, మేకల కాపరులు, కొండకు నడిచిపోయే భక్తులు, వాచర్లు. పులుల పనికి వాళ్లతో నిమిత్తం లేదు, అనుమతి లేకుండా వాళ్ల మొహాలు దాచుకోవడం మర్యాదా కాదు. ఆ కుప్పలో ప్రతి కార్డుకూ ఒక పిడికిలి ఫోటో ఉండేది. మాధవయ్య కెమెరాకు చెయ్యి చూపిస్తున్నాడనుకుని గదిలో అందరూ నవ్వుకునేవాళ్లు. 'వచ్చింది మాధవయ్యన్న చెయ్యి' అని ఆమే అనేది. అని, తీసేసేది. ఆ చేతికి గడియారం ఎందుకుందని ఒక్కరోజూ అడగలేదు. చదువుకున్న పిల్ల, దీన్ని వేరే చెప్పాలా అని ఆయనా చెప్పలేదు.

చదివేవాళ్లు ఇది మిషనుకూ ముసలాయన అనుభవానికీ పోటీ అనుకుంటారేమో. కానే కాదు. మిషనును ఆమెకంటే ఎక్కువ గౌరవించింది ఆయనే. పదో తరగతి తప్పి అడవిలో కూలికి చేరిన మనిషి, మిషను అబద్ధమాడితే పట్టుకోవడానికి సాక్ష్యం కూడా దాని చేతే చెప్పించి పెట్టాడు. ఆ సాక్ష్యాన్ని చెత్త కింద ఊడ్చేసింది మన హిమబిందే.

"తీసేసినానన్నా" అంది. "నీ చెయ్యి నూరుసార్లు చూసినా. గడియారం ఒక్కసారి కూడా చూల్లేదు. తప్పు నాది. ఆ రోజు మీటింగులో అన్న మాట గూడా తప్పే."

మాధవయ్య చొక్కా చెయ్యి కిందికి దింపుకున్నాడు. బొత్తాం పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చూసినావు గదమ్మా" అన్నాడు. "ఆ పటాలు ఇంకెవురి కాడనన్నా ఉండాయేమో చూడు."

ఉన్నాయి. ఎవరి దగ్గరుంటాయో ఆ క్షణంలోనే ఆమెకు తట్టింది. కార్డు అడవిలోంచి రాగానే, ఏమీ తీసేయకముందే, ఉన్నదున్నట్టు ఒక నకలు ఏటి అవతలికి పోవాలి. అవతలి నకలు ఇవతలికి రావాలి. ఒకరు పొరపాటు పడితే ఇంకొకరు చూసుకోవడానికి. వేలల్లో వచ్చిపడే ఆ నకళ్లన్నీ తెరిచి పోల్చే తీరిక మాత్రం ఇద్దరికీ లేకపోయింది. ఆ నియమం పెట్టిందీ హిమబిందే. మనిషి ఒక చేత్తో పోగొట్టుకున్నది ఇంకో చేత్తో దాచుకోవడం ఎప్పుడో గానీ జరగదు, ఈ పిల్ల విషయంలో జరిగింది.

నాగజ్యోతికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. నవంబరు కార్డు, పన్నెండో దారి, మనుషుల ఫోటోలు. అవతల కంప్యూటరు మీటలు టకటకలాడాయి. అయిదు నిమిషాలు పట్టింది. 

"దొరికినయక్కా" అంది నాగజ్యోతి. "ఏదీ తీసెయ్యద్దని నువ్వే గద రూల్ వెట్టినవ్. పంపిస్తున్న జూడు."

నాలుగు ఫోటోలు వచ్చాయి. నవంబరు ఇరవై ఆరు, పొద్దున పదకొండుంబావు. ఎడమ కెమెరాలో మాధవయ్య పిడికిలి, గడియారంలో పదకొండుంబావు, ఫోటో కింద పదకొండుంబావు. కుడి కెమెరాలో అదే పిడికిలి, ఒక నిమిషం తర్వాత, గడియారంలోనూ ఫోటో కిందా ఒకటే టైము. మళ్లీ డిసెంబరు పదిన అవే రెండు, అంతే సరిగ్గా. ఆ రెండు తేదీల నడుమ వచ్చిన ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం నాలుగు నిమిషాలంటే అచ్చంగా నాలుగు నిమిషాలే. ముందు నామాలమ్మ పోయింది, దాని వెనక వేరే పులి పోయింది. ఒక్కో కెమెరా ఒక్కోదాన్ని తీయకుండా వదిలేసింది, అదీ అడవిలో మామూలే.

ఇంతసేపూ మంచం మీద కదలకుండా కూర్చున్న నారాయణ అప్పుడు లేచాడు.

"మా తమ్మునికి ఇరవై రెండు కుట్లు పడినాయి మేడం. పులి మారిందంటే కుట్లు మారతాయా?"

అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు కొంచెం సులువయ్యేది.

"మారవు నారాయణన్నా" అంది. "నేను నీకు వేరే పులిని చూపించినా. ఈ యమ్మను జూకు పంపిచ్చేసి, ఇంక భయం లేదని నీతో చెప్పేదాన్ని. నువ్వు ధైర్యంగా చేనికొస్తావ్, మీ తమ్ముడూ ఆస్పత్రి నుంచి లేసి వస్తాడు. కొట్టిన పులి ఈడనే ఉంటాది. నా తప్పుకు మళ్లా దెబ్బ తినేది మీ ఇంటోళ్లే."

నారాయణ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత మాధవయ్య వైపు చూశాడు, ఈ పిల్ల చెప్పేది నిజమేనా అన్నట్టు. మాధవయ్య తలూపాడు.

"ఆపీసర్లు తప్పు చేసేది మాకు కొత్త గాదు" అన్నాడు నారాయణ. "చేసినామని మా మొగాన చెప్పింది నువ్వే. సరే, ఆ కొట్టినదాన్ని ఏం చేస్తారు?"

దానికి నాగజ్యోతే ఫోన్‌లోంచి జవాబిచ్చింది. తమ పులి కాలికి ఏదో అయి ఉంటుందని ఆమె అనుమానం, కాలు బాగున్న పులి ఎద్దుల జోలికి రాదు. సాయంత్రానికల్లా తమ డాక్టరును తీసుకుని ఏరు దాటి వస్తానంది. దాని నడక, దాగే చోట్లు తనకు కూనప్పటి నుంచి తెలుసు, వెతికి పట్టుకుని వైద్యం చేయించే పూచీ తనదంది. ముందరి కుడికాలు నేలకు సరిగ్గా ఆనడం లేదని, తను చూసిన అడుగును బట్టి మాధవయ్య ఇక్కడినుంచి చెప్పాడు. ఆ మాట వింటూనే అవతల ఆమె డాక్టరు పేరు పెట్టి ఎవరినో పిలవడం వినిపించింది. రెండు రాష్ట్రాలు, రెండు యూనిఫాంలు, ఒక పులి కాలు. పెద్దవాళ్లు పెద్ద గదుల్లో కూర్చుని ఎన్ని ఒప్పందాలు రాసుకున్నా, చివరికి పని జరిగేది ఇట్లా ఒక మోటారు షెడ్డు దగ్గరే.

నారాయణ మళ్లీ కూర్చోబోయి ఆగాడు. పశువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి. మిగతా ముగ్గురి బుర్రలకూ తట్టనిది అతనికి తట్టింది.

"మేడం, ఆడదాని ఎనక మగది నాలుగు నిమిషాల దూరంలో పోతాండాదంటే, ఊరికే పోతాండాదా?"

ఫోన్‌లో నాగజ్యోతి పకపకా నవ్వింది. "అయితే మనం వియ్యంకులమైనమక్కా" అంది. "మా పోరడు మీ అల్లుడైండు. జెర మర్యాద చెయ్యిండ్రి."

మాధవయ్య కూడా నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. నవంబరు ఇరవై ఎనిమిది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి. హిమబిందు ఆ వేళ్లను చూసి తను ఫోన్‌లో లెక్క వేసింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది, నూట పంతొమ్మిది రోజులు. ఆడపులి మోసేది నూట మూడు రోజులు, ఒకటి రెండు అటూ ఇటూ.

"పదహారు దినాల కూనలు" అన్నాడు మాధవయ్య మెల్లగా.

బాగా చిన్నవి. కళ్లు అప్పుడే తెరుచుకుని ఉంటాయి. ఏ బండ కిందో, ఏ పొదలోనో తల్లి దాచి ఉంటుంది. కూనల్ని వదిలి దూరం పోలేదు కాబట్టి తల్లికి సరైన తిండి ఉండదు. అట్లాంటి తల్లికి దగ్గర్లో కట్టేసిన దూడ వాసన తగిలితే ఏం చేస్తుందో నలుగురికీ తెలుసు. దూడను బోనులో కట్టించింది వాళ్లే.

"దూడ తాడు తెంచేసొస్తా" అంటూ మాధవయ్య బాట వైపు రెండడుగులు వేశాడు. అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. యోహాను.

చెట్టు మీది నుంచి మాట్లాడుతున్నవాడి గొంతు గుసగుసగా ఉంది. తలుపు పడింది, పులి లోపలుంది. తలుపు పడి అరగంటయింది, సిగ్నల్ ఇప్పుడే దొరికింది. పులి గర్జించడం లేదు, గోడను కొట్టుకోవడం లేదు. ఒకటే పక్కకు, గుట్ట దిక్కుకు తిరిగి నిలబడి ఉంది.

మాధవయ్య ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "కుడి తొడ మింద ఏముండాది?"

"నామాలున్నాయన్నా" అన్నాడు యోహాను. కొంచెం ఆగి, "అన్నా, బోను చెక్కంతా తడిసిపోతాండాది. మొదట ఉచ్చ అనుకున్నా. కాదు. పాలు కారతాండాయి" అన్నాడు.

హిమబిందు అప్పటికే శ్యాంసుందర్‌తో మాట్లాడుతోంది. రుజువు దొరికిందంది, ఫోటోలు పంపానంది, తల్లిపులి అంది, చేతులు జోడిస్తానంది. తన చేతుల్లో లేదన్నాడు ఆయన. పట్టిన పులిని వదలాలంటే కమిటీ మళ్లీ కూర్చోవాలి, ఎంత తొందరపెట్టినా సాయంత్రమవుతుంది. జనం పోగవకముందే పులిని ఎక్కించి తీసుకుపొమ్మని లారీవాళ్లకు పైనుంచి ఆర్డరుంది, ఆపే అధికారం తనకు లేదు. పైవాళ్ల కాళ్లు పట్టుకుని అయినా అడుగుతానన్నాడు. లారీ ఎక్కడుందని ఆమె అడిగింది. శిరివెళ్ల దాటిందన్నాడు.

శిరివెళ్ల నుంచి అక్కడికి ముక్కాలు గంట. సాయంత్రం దాకా కమిటీ కూర్చోదు. గుట్ట మీద ఎక్కడో, ఏ బండ కిందో, ఎన్నున్నాయో కూడా తెలియని కూనలు పాల కోసం చూస్తూ ఉన్నాయి.

మాధవయ్య బాట మీద అట్లాగే నిలబడిపోయాడు. నాగజ్యోతి ఫోన్‌లో ఉందో లేదో ఎవరికీ గుర్తు లేదు. హిమబిందు జీపు బానెట్ మీద చెయ్యి ఆనించి తల వంచుకుంది. తను కట్టిన పొట్లం ఇది. రెండోసారి తూచేలోపే చెయ్యి దాటిపోతోంది.

అప్పుడు నారాయణ మంచం మీద నుంచి తన ఫోన్ తీశాడు. ఊర్లో ఎవరికో కలిపాడు.

"మనోళ్లనందరినీ పిల్చుకోని రోడ్డు మిందికి రా. ఆడోళ్లను గూడా. మొన్న కూసున్న సోటే, వంక కాడ. బేగా రాండి. జూ లారీ వస్తాండాది, సాయంత్రం దాకా ముందుకు పోనీయద్దు."

అవతల గందరగోళంగా ఎన్నో గొంతులు ఒకేసారి వినబడ్డాయి. పులిని పట్టుకుపొమ్మని కూర్చుంది మనమే గదా, ఇప్పుడు లారీని ఆపడమేందని ఎవరో గట్టిగా అడుగుతున్నారు. నీ తమ్ముని భుజం మరచిపోయినావా అని ఇంకెవరో అడుగుతున్నారు.

నారాయణ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"మర్సిపోలేదప్పా" అన్నాడు. "బోన్లో బాలింత ఉండాది. రాండి."